రెండెకరాల డెబ్బై ఎనిమిది సెంట్లు

రెండేళ్ల కిందట ఒక ఆదివారం నాయనతో ఫోన్లో మాట్లాడుతూ, మాటల్లో "ఇంట్లో ఒక లేఅవుట్ వేస్తున్నా" అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "యాడరా? ఎన్ని సెంట్లు?" అన్నాడు.

తప్పు ఆయనది కాదు. మాది చిలమత్తూరు. మా వైపు లేఅవుట్ అంటే ఒక్కటే అర్థం. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే ఎక్కి అటు చూసినా ఇటు చూసినా, ఎర్రటి నేలలో వరసగా పాతిన తెల్లరాళ్లు, మధ్యలో తారురోడ్డు, ముందర ఒక ఆర్చి, ఆర్చి మీద ఏదో ఒక ఇంగ్లీషు పేరు కనిపిస్తాయి. అది లేఅవుట్. నేను వేస్తున్నది బెంగళూరులో మా ఫ్లాట్ రెండో బెడ్‌రూములో, గోడ పొడవునా వేసిన చెక్కబల్ల మీద. ఎనిమిది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. దాని మీద ఒక చిన్న రైలు, రైలు చుట్టూ ఒక పల్లె. మోడల్ రైల్వే పిచ్చి ఉన్నవాళ్లు దీన్ని కూడా లేఅవుట్ అనే అంటారు.

"సెంట్లు కాదు నాయనా, పదహారు చదరపు అడుగులు."

"అంత జాగాలో ఏం పెడతావు?"

"చేను," అన్నాను. రైలు అనాల్సింది, నోట్లోంచి చేను అని వచ్చింది. ఆయన నవ్వలేదు. "సరే, అన్నం తిన్నావా?" అని మాట మార్చాడు.

చిలమత్తూరుకు రైలు లేదు. బస్సులు ఉన్నాయి, లారీలు ఉన్నాయి, హైవే ఉంది. రైలు చూడాలంటే హిందూపురం పోవాల్సిందే. చిన్నప్పుడు పట్టుగూళ్లు అమ్మడానికి తాత హిందూపురం మార్కెట్‌కి పోతూ నన్ను వెంట తీసుకెళ్లేవాడు. పని అయ్యాక నా గోల పడలేక స్టేషన్ దాకా నడిపించేవాడు. ప్లాట్‌ఫాం చివర సిమెంటు బెంచీ మీద కూర్చుని, ధర్మవరం వైపు నుంచి వచ్చే బండి కోసం చూసేవాళ్లం. ముందు ఇంజన్ పొగ కనిపించేది, తర్వాత పట్టాలు సన్నగా పాడేవి, ఆ తర్వాత కర్ణాటక ఎక్స్‌ప్రెస్. ఇటుకరంగు పెట్టెలు కొన్ని, కొత్తగా నీలంరంగు వేసినవి కొన్ని. ఈ లైను ఒకప్పుడు మీటర్ గేజ్ అనీ, అప్పటి బొగ్గు ఇంజన్ కూత మన ఊరికి వినపడేదనీ తాత చెప్పేవాడు. అంత దూరం కూత వినపడదని లెక్క వేసి చెప్పగలిగే వయసు వచ్చేసరికి తాత లేడు.

కాబట్టి నా బల్ల మీద ఉన్న స్టేషన్ పేరు చిలమత్తూరు. పసుపు బోర్డు, నల్ల అక్షరాలు, మూడు భాషల్లో. ప్రపంచంలో ఎక్కడా లేని స్టేషన్. మిగతాదంతా నిజం లాగే ఉండాలని మొదటినుంచీ నా పట్టుదల.

*

నేను ఇంజనీరుని. అందుకని మొదలుపెట్టింది బల్ల కింద నుంచి.

స్టీవెన్ లెవీ 1984లో రాసిన 'హ్యాకర్స్' పుస్తకం మొదట్లో ఎంఐటీ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ గురించి ఉంటుంది. 1946లో పెట్టిన క్లబ్. అందులో రెండు రకాల మనుషులు. ఒకరు బల్ల పైన పనిచేసేవాళ్లు. రైలుపెట్టెలకు రంగులేస్తారు, కొండలు కడతారు, చెట్లు నాటుతారు. రెండో రకం బల్ల కింద దూరేవాళ్లు. టెలిఫోన్ కంపెనీ రిలేలతో, తీగలతో ఏ రైలు ఎప్పుడు ఎటు పోవాలో నడిపే యంత్రాంగం వాళ్లది. కంప్యూటర్ల మీద మొదట పడింది ఈ రెండో రకంవాళ్లే. మా వృత్తికి వాళ్లు ఒకరకంగా కులదేవతలు. పైన చెట్లు నాటినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తు లేవు.

నేనూ కిందివాణ్నే. ఒక ఆర్డుయినో బోర్డు, నాలుగు సర్వో మోటార్లు, సిగ్నల్ దీపాలు, ఫోన్లోంచి బండిని నడిపే ఒక చిన్న ప్రోగ్రాం. అన్నీ ఆరు వారాల్లో అయిపోయాయి. గుత్తి షెడ్ పేరు రాసుకున్న డబ్ల్యూడీఎం-2 ఇంజన్ ఒకటి, వెనక నాలుగు పెట్టెలు, ఈ చివర నుంచి ఆ చివరకి పోతాయి, ఆగుతాయి, తిరిగొస్తాయి. పనిచేసిన మొదటి రాత్రి చాలాసేపు అలా నడుపుతూనే ఉన్నాను. రెండో రాత్రికి విసుగొచ్చింది. పాలిష్ పట్టిన చెక్క మీద ఒక రైలు. ఎక్కణ్నుంచీ రాదు, ఎక్కడికీ పోదు. అది పోయే దారిలో నేల లేదు.

స్కేలు సంగతి కాస్త చెప్పాలి. నాది హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87. నిజంలో 87 అడుగులున్నది నా బల్ల మీద ఒక అడుగు. లేపాక్షి బసవన్న 27 అడుగుల పొడవు అంటారు కదా, ఈ లెక్కన తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, అరచేతిలో పడతాడు. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం ఐదడుగుల ఆరంగుళాలు. మా నాయన ఎత్తు కూడా సరిగ్గా అంతే. కానీ మార్కెట్లో దొరికే హెచ్‌ఓ పట్టాలు విదేశీ గేజ్‌కి చేసినవి, పదహారున్నర మిల్లీమీటర్లు. మనకు కావాల్సింది పంతొమ్మిది పైచిలుకు. కాబట్టి నా రైలు మార్గం మా నాయన కన్నా మూడు మిల్లీమీటర్లు పొట్టి. ఈ దేశంలో మోడల్ రైళ్లు చేసేవాళ్లందరూ ఈ రాజీతోనే బతుకుతారు.

పట్టాల విషయంలో రాజీ పడొచ్చు. నేల విషయంలో కుదరదని నాకు తెలిసింది మొదటి పార్శిల్ విప్పినప్పుడు.

బయటి దేశాల్లో ఈ సరంజామా కోసం పెద్ద పరిశ్రమే ఉంది. హాంబర్గ్‌లో ఇద్దరు అన్నదమ్ములు 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌లాండ్ చూడటానికి జనం వరసలు కడతారు. మనకూ పుణెలో, కొత్‌రూడ్‌లో, భావూ జోషి గారి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి ఉంది. ఆఫీసు పని మీద పోయినప్పుడు చూశాను, గంటసేపు పసిపిల్లాడినయ్యాను. పల్లె దృశ్యం కట్టడానికి కావాల్సినవన్నీ పొట్లాల్లో అమ్ముతారు. నైలాన్ పోగులతో చేసిన గడ్డి, దాన్ని విద్యుదావేశంతో నిలువునా నిలబెట్టే చిన్న జల్లెడ లాంటి పరికరం, నురగతో చేసిన ఆకులు, పొడవాటి ఫర్ చెట్లు. గడ్డి పొట్లం మీద 'వసంతకాలపు పచ్చిక' అని ఇంగ్లీషులో రాసుంది. జిగురు పూసి, మీట నొక్కి, గడ్డి చల్లాను. అద్భుతంగా నిలబడింది. దాని మధ్యలోంచి గుత్తి షెడ్ ఇంజన్ పోతుంటే, స్విట్జర్లాండ్‌లో దారి తప్పిన పల్లెవెలుగు బస్సు చూసినట్టుంది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మాది. అంత పచ్చదనం మాకు ఏ పొట్లంలోనూ రాదు.

*

గడ్డి మొత్తం గీకేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఏదీ కొనకూడదని నియమం పెట్టుకున్నాను.

ముందు గుండ్లు. మా వైపు కొండలంటే మట్టికొండలు కావు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టుండే గ్రానైట్ గుండ్లు. అంచులు అరిగి గుండ్రంగా, ఎప్పుడు దొర్లుతుందో అన్నట్టు ఉంటాయి గానీ వెయ్యేళ్లకూ దొర్లవు. ఫోమ్ షీటుని కత్తితో చెక్కి, ఇసుక కాగితంతో అంచులు కొట్టేసి, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పల్చగా పూశాను. రంగే కష్టం. రాయి బూడిదరంగు అనుకుంటాం. ఫోటోలు తెచ్చుకుని చూస్తే గులాబీ ఉంది, తుప్పురంగు ఉంది, వాన నీళ్లు కారిన చోట నల్లటి చారలున్నాయి. ఆ నల్లచారలు వేశాక గానీ అవి మా గుండ్లు కాలేదు.

తర్వాత చింతమాను. పాత ల్యాన్ కేబుల్ కోస్తే లోపల ఎనిమిది రాగితీగలుంటాయి. నాలుగైదు కేబుళ్ల తీగలు కలిపి మెలిపెడితే మొదలు, విడదీసుకుంటూ పోతే కొమ్మలు. ఆకులకు రంపపు పొట్టు. టీ జాలిలో వడగట్టి, ఆకుపచ్చ, పసుపు, కొంచెం గోధుమరంగు కలిపి ఆరబెట్టాను. మోడళ్లు చేసేవాళ్లందరూ చేసే తప్పు నేనూ చేశాను, చెట్టుని పొట్టిగా చేశాను. అరవై అడుగుల చింతమాను ఈ స్కేల్లో ఇరవై ఒక్క సెంటీమీటర్లు ఉండాలి, రైలుపెట్టెకు నాలుగింతల పైనే ఎత్తు. అంత ఎత్తు చెట్టు పెడితే రైలు చిన్నదైపోతుందని మనసొప్పదు. నిజానికి అక్కడ రైలు చిన్నదే. రెండోసారి చెట్టుని చెట్టంత చేశాను.

చింతమాను మీద కొంగలు కూడా పెట్టాను. మా మండలంలో వీరాపురం అనే ఊరుంది. ఏటా సంక్రాంతి దాటాక ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఆ ఊరి చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి, పిల్లల్ని లేపుకుని వానాకాలంలో వెళ్లిపోతాయి. వాటిని ఎవరూ కొట్టరు, రానిస్తారు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలనే లెక్క. మూడడుగుల పైన ఉండే కొంగ నా బల్ల మీద పదకొండు మిల్లీమీటర్లు. టూత్‌పిక్ ముక్కలతో తొమ్మిది చేశాను. భూతద్దం కింద రెక్కల అంచుకి గులాబీ చుక్క పెట్టాను.

మట్టి మాత్రం చేయగలిగేది కాదు, తెచ్చుకోవాల్సిందే.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఇన్ని పేరాలు దాన్ని దాటేసుకుంటూ వచ్చాను. ఆ మట్టి తెచ్చుకోవడానికి మాకు చేను లేదు. ఉండేది. హైవేకి దగ్గరలో, మూడెకరాల పన్నెండు సెంట్లు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చి, 2019లో కార్లు బయటికి రావడం మొదలయ్యాక, ఆ దారిపొడవునా నేలకు కొత్త ధరలు వచ్చాయి. మేం అమ్మింది ఆ తర్వాతే. అమ్మమని నాయన్ని నేను బలవంతం చేయలేదు. కానీ ఫ్లాట్ చూసుకున్నాను అని చెప్పింది నేనే, డౌన్ పేమెంట్‌కి ఇంత తక్కువ పడుతోంది అని చెప్పింది నేనే. ఆయన "చూద్దాంలే" అన్నాడు. మూడు నెలలకు డబ్బులొచ్చాయి. రిజిస్ట్రేషన్ రోజు నాకు రిలీజ్ ఉంది, పోలేదు.

అంటే, ఇప్పుడు ఆ చేను కట్టుకుంటున్న ఈ రెండో బెడ్‌రూముని కొన్నది ఆ చేనే.

మట్టి కోసం పోయినప్పుడు అక్కడ ఆర్చి ఉంది, తెల్లరాళ్లు ఉన్నాయి. ఇళ్లు ఒక్కటీ లేవు. ప్లాట్ల మధ్య కంపచెట్లు మొలిచాయి. వాచ్‌మన్ ఎవరని అడిగితే ప్లాట్ చూడటానికి వచ్చానన్నాను. ఏ ప్లాట్ అని అడిగాడు. చింతమాను ఉండిన చోటు అంచనాగా చూపించాను. "అది నలభై రెండు సార్, కార్నర్ బిట్టు," అన్నాడు. రెండు కిలోల మట్టి ప్లాస్టిక్ కవర్లో వేసుకుని వచ్చేశాను. అతను వింతగా చూశాడు గానీ ఏమీ అనలేదు.

నేల మట్టిని మోడల్లో వాడాలంటే పద్ధతి ఉంది. ఎండబెట్టి, ఓవెన్లో పెట్టి పురుగూ బూజూ చావగొట్టాలి. టీ జాలితో ఒకసారి, పాత చున్నీ గుడ్డతో ఇంకోసారి జల్లించాలి. ఆ తర్వాత అయస్కాంతం పెట్టి తిప్పాలి. మట్టిలో ఇనుము ఉంటే ఆ పొడి రైలు మోటారులోకి పోయి అతుక్కుంటుంది. నేను అయస్కాంతం తిప్పితే నల్లటి పొడి మీసాల్లా లేచి నిలబడింది. ఇన్నేళ్లూ మా చేన్లో ఇనుము కూడా ఉందని నాకు తెలియదు.

అలా శుద్ధి చేసిన మట్టిని, సగం నీళ్లు సగం ఫెవికాల్, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపిన ద్రావణం మీద చల్లాను. ఆరాక చూస్తే అది మా చేను మట్టి కాదు. నల్లగా, చాక్లెట్‌లా ఉంది. జిగురు తాగితే మట్టి రంగు ముదురుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. రంగు కూడా దూరాన్ని బట్టి మారుతుంది. రెండొందల మీటర్ల నుంచి చూసే నేల, మధ్యలో గాలి, దుమ్ము, ఎండ తగిలి, వెలిసినట్టు కనిపిస్తుంది. బల్ల ముందు నిలబడ్డప్పుడు మనం చూసేది ఆ దూరం నుంచే. అందుకని నిజమైన మట్టి మీద తెలుపు కలిపిన రంగు చల్లి, దాన్ని అబద్ధం చేస్తే గానీ నిజంలా కనపడలేదు.

దాని మీద దువ్వెన పళ్లతో సాళ్లు తీశాను. శెనక్కాయ సాళ్ల మధ్య అడుగు దూరం, ఇక్కడ మూడున్నర మిల్లీమీటర్లు. సిరంజీతో జిగురు గీతలు గీసి పచ్చపొట్టు అద్దాను. పది సాళ్లకు ఒక కంది సాలు, కొంచెం ఎత్తుగా. సెప్టెంబరు మొదటివారం, సాయంత్రం నాలుగున్నర. మోడల్‌కి ఒక నెల, ఒక గంట ఉండాలంటారు, అందుకని అలా నిర్ణయించుకున్నాను. చేను నిండుగా, చివర గుండ్లు, గట్టున చింతమాను, దాని మీద తొమ్మిది కొంగలు, పక్కన రైలు. ఫోటోలు తీసి పెడితే ఎక్కడెక్కడివాళ్లో మెచ్చుకున్నారు. నీ చిన్నతనం చూసినట్టుంది అన్నారు.

నేను ఖాళీ సమయాల్లో పుస్తకాల మీద రాస్తుంటాను. ఒక కథల పుస్తకం గురించి ఒకసారి, 'రచయిత ఊరిని బస్సు కిటికీలోంచి చూశాడు, ఈ పుస్తకంలో పైరు ఎండదు, అప్పు తీరకుండా ఉండదు' అని రాశాను. సింగమనేని నారాయణ లాంటివాళ్లు అనంతపురం రైతు గురించి అన్నేళ్లు అన్ని కథలు రాశాక కూడా ఇంత పచ్చగా ఎలా రాయగలుగుతున్నారు అని దెప్పాను. ఆ వాక్యాలు రాసినందుకు గర్వపడ్డాను కూడా. బల్ల మీద నా పచ్చటి చేను చూసుకుంటున్నప్పుడు అవి ఒక్కసారీ గుర్తు రాలేదు.

*

నాయన కంటి ఆపరేషన్‌కి బెంగళూరు వచ్చాడు. శుక్లం తీశారు. ఐదోరోజు నల్లద్దాలు పెట్టుకుని రెండో గదిలోకి వచ్చి, కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. దీపాలు వేశాను. రైలు నడిపాను.

"బండి ఆపు," అన్నాడు. "చూడనీ."

చాలాసేపు చూశాడు. కొత్త కన్ను కదా, అన్నీ మరీ స్పష్టంగా కనిపిస్తున్నాయని మధ్యలో ఒకసారి అన్నాడు. తర్వాత వేలుతో గట్టు చూపించాడు.

"గెనిమ ఇంత నేరుగా యాడుండాది? చింతమాను కాడ వంపు తిరగల్ల. మీ తాతకూ వాళ్లకూ తగాదా అయినప్పుడు ఆ మానుని ఇటు కలుపుకోని రాళ్లు నాటినారు."

నిజమే. స్కేలు పెట్టి గీత గీశాను నేను. లేఅవుట్ వేసేవాళ్లు కూడా అలాగే గీస్తారు.

"కొంగలు ఎందుకు పెట్టినావు?"

"వీరాపురం కొంగలు నాయనా. మన చెట్టు మీద కూడా వాలేవి కదా."

"వాలేవి. కాయ పోసుకునే యాళకి అవి యాడుంటాయి? పిల్లల్ని ఎగిరించుకోని ఎప్పుడో పోయింటాయి. చేను పచ్చగుంటే కొంగలుండవు. కొంగలుంటే చేను దుక్కి."

నాకు సిగ్గేసింది. నెల, గంట పెట్టుకుని మరీ కట్టిన దృశ్యంలో రెండు కాలాల్ని ఒకే కొమ్మ మీద కూర్చోబెట్టాను. నాకు గుర్తున్న ఊర్లో కొంగలూ పైరూ కలిసే ఉన్నాయి. ఎందుకంటే నా ఊరు సెలవుల ఊరు. వేసవి సెలవుల్లో చూసిన కొంగలు, దసరా సెలవుల్లో చూసిన చేను. మధ్యలో ఉన్న నెలలు నాయనవి.

"ఇది ఏ సమ్మచ్చరందిరా?" అన్నాడు.

నేను గంట చెప్పగలను, నెల చెప్పగలను. సంవత్సరం పెట్టుకోలేదు.

"ఇంత కాయ ఒక్కతూరే వచ్చింది. నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు. ఆ ఏడు నీకు సైకిలు కొనిచ్చింటి. మళ్లా రాలా." ఆగి, బల్ల మీదికి ఇంకా వంగి, మెల్లగా అడిగాడు. "బోర్లేవి?"

"ఏ బోర్లు?"

"మూడు బోర్లు వేస్తిమి కదరా. ఒకటి గుండు కాడ, ఒకటి మాను కాడ, ఒకటి నడిచేన్లో. నడిచేన్లోది ఒక్కటే రెండేండ్లు పోసింది. తక్కిన రెంటికీ దుమ్మే."

నేను ఏమీ మాట్లాడలేదు. ఆ దుమ్ము నాకు గుర్తుంది. బోరు లారీ రాత్రంతా మోగేది. తెల్లారేసరికి ఎర్రటి చేను నడుమ బూడిదరంగు తెల్లటి పొడి, పిండి ఆరబోసినట్టు పరుచుకుని ఉండేది. భూమి లోపలి గ్రానైట్ అది. నీళ్లు పడితే బురదై పారుతుంది, పడకపోతే అలాగే పొడిగా ఉంటుంది. మేం పిల్లలం దాంట్లో చేతులు పెట్టి తెల్లగా చేసుకుని ఒకరి మొహానికి ఒకరం పూసుకునేవాళ్లం. అడుగుకింత అని లెక్కగట్టి ఇచ్చిన డబ్బులు అవి.

చేనుని కట్టడానికి నేను చూసిన ఫోటోల్లో ఆ దుమ్ము లేదు. ఉన్నా చూసేవాణ్ని కాదు. నాకు కావాల్సింది అమ్మేసినందుకు బాధపడదగ్గ చేను. నాయన అమ్మింది వేరే చేను.

*

ఇంగ్లండులో పెండన్ మ్యూజియం అని ఒకటి ఉంది. నేను వీడియోల్లోనే చూశాను. రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన 1925లో ఆస్ట్రేలియా నుంచి అక్కడికి వచ్చాడు. వేల్ ఆఫ్ వైట్ హార్స్ అనే లోయలోని పల్లెలు చూసి ఇష్టపడ్డాడు. గడ్డికప్పుల పాత ఇళ్లు ఒక్కొక్కటే మారిపోవడం చూసి, పోయేలోపల వాటిని 1:76 స్కేల్లో కట్టిపెట్టాలనుకున్నాడు. 1954లో లాంగ్ విటెన్‌హామ్‌లో మ్యూజియం మొదలైంది. ఆయన పోయాక కూడా ఆ పని వలంటీర్లు చేస్తూనే ఉన్నారు. ఒక్కో ఇంటికి నెలలు, ఏళ్లు పడతాయి. ఊరికే ఊహించి కట్టరు. ఫలానా ఇల్లు ఎక్కడుందో పోయి, కొలతలు తీసి, ఏ గోడ ఎక్కడ పగిలిందో, ఏ పెరట్లో ఏ పూలుండేవో వెతుకుతారు. తెలిసినవాళ్లని అడుగుతారు.

మొదట ఆ వీడియోలు చూసినప్పుడు వాళ్ల చేతిపనిని చూశాను. నాయన పోయాక మళ్లీ చూసినప్పుడు, వాళ్లు అడిగినవి చూశాను. నేను స్కేలు కొలిచాను, మట్టి తెచ్చాను, అయస్కాంతం తిప్పాను. పక్క గదిలో ఉన్న మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే, చేను గురించి మాట్లాడాల్సి వస్తుంది. చేను గురించి మాట్లాడితే, రిజిస్ట్రేషన్ రోజు నేను ఎందుకు రాలేదో మాట్లాడాల్సి వస్తుంది.

నాయన కోలుకుంటున్న మిగతా పది రోజులూ బల్ల దగ్గరే కూర్చున్నాం. నేను ల్యాప్‌టాప్ మూసేశాక రాత్రి గంట, గంటన్నర. ఆయన చెప్పేవాడు, నేను కత్తితో గీకేవాణ్ని. పచ్చపొట్టు చాలావరకు పోయింది. సాళ్లు ఉన్నాయి, సాళ్లలో అక్కడక్కడా మొక్కలు ఉన్నాయి, వాటి రంగు పసుపుకి తిరిగింది. అలా చేయడం నిండు చేను చేయడం కన్నా చాలా కష్టం. మొక్క లేని చోటు ఎలా ఉండాలో ఒక పద్ధతి ఉందట. గుండు నీడ పడేచోట రెండు రోజులు ఎక్కువ బతుకుతుంది. మిట్టన ముందు పోతుంది. కంది మాత్రం నిలబడుతుంది. "కంది మొండిది, దాన్ని తీసెయ్యద్దు," అన్నాడు. కొంగల్ని తీసి డబ్బాలో పెట్టాను.

గెనిమని మాను చుట్టూ వంచాను.

బోర్ల కోసం కావాల్సిన పొడి మా అపార్ట్‌మెంట్లోనే దొరికింది. పై ఫ్లాట్‌లో వంటింటి గట్టు కోసం గ్రానైట్ పలక కోస్తున్నారు. మెట్ల మీద పడిన పొడిని కాగితంలో ఎత్తుకొచ్చాను. సరిగ్గా అదే రంగు. కేసింగ్ పైపుకి బాల్‌పెన్ రీఫిల్ ముక్కలు. మొదటి రెండూ నేనే పెట్టాను. మూడోది, నడిచేన్లోది, నాయన ట్వీజర్స్ అడిగి తీసుకుని పెట్టాడు. చెయ్యి కొంచెం వణికింది. పొడి చల్లే ముందు, దానికి మాత్రం ఒక పక్కన నాలుగు సాళ్లు పచ్చగా ఉంచమన్నాడు. "రెండేండ్లు పోసింది కదా. దానికి అన్యాయం చెయ్యద్దు."

ఆ మాట దగ్గర నేను అడిగేశాను. "అమ్మినందుకు నా మీద కోపముందా నాయనా?"

ఆయన ట్వీజర్స్ పక్కన పెట్టాడు. "కోపమేముందిరా. ఇంకో బోరు ఏయించమని అనకుండా ఫ్లాట్ అన్నావు. బోరన్నా, ఫ్లాటన్నా అప్పే. ఇది కనపడతాది." గోడ మీద చేత్తో తట్టాడు. కాసేపాగి, "ఆ దినం వచ్చింటే బాగుండు. సంతకం పెట్టేటప్పుడు నా పక్కన ఎవరూ లేరు," అన్నాడు.

అంతే. నేను ఏదో అనబోయాను. "రేపు ఆపీసు లేదా, పండుకో," అన్నాడు.

మార్చాక తీసిన ఫోటోలు పెట్టాను. ఈసారి అంత మెచ్చుకోలేదు ఎవరూ. 'గడ్డి రాలిపోయిందా?' అని ఒకతను అడిగాడు. 'ఆ తెల్ల మచ్చలేంటి, జిగురు ఎక్కువైందా?' అన్నాడు ఇంకొకతను. నేను జవాబు టైపు చేసి, పొడుగవుతోందని తీసేశాను. ఈ వ్యాసం బహుశా ఆ జవాబే.

నాయన ఊరికి పోయే ముందురోజు రాత్రి ఆయన మొదటి ప్రశ్న గుర్తొచ్చి లెక్క వేశాను. ఎనిమిది అడుగుల్ని 87తో గుణిస్తే 696 అడుగులు. రెండడుగులు 174 అడుగులు. రెండూ గుణిస్తే 1,21,104 చదరపు అడుగులు. ఎకరానికి 43,560 చొప్పున, అది రెండెకరాల డెబ్బై ఎనిమిది సెంట్లు.

ఆయనకి చెప్పాను. "నువ్వడిగినావు కదా, ఎన్ని సెంట్లు అని. రెండు డెబ్బై ఎనిమిది."

మనసులో తీసివేత చేసుకున్నాడు. మా చేను మూడు పన్నెండు. "ముప్పై నాలుగు సెంట్లు తగ్గింది," అన్నాడు.

"బల్ల అంతే ఉంది నాయనా. గోడ అడ్డమొచ్చింది."

"పోనీలే. వంక కోసుకుపోయిందనుకో. కాగితంలో ఉన్నంత చేను ఎవురికీ ఉండదు."

వంక సంగతి నేను మర్చేపోయాను. చేనుకు పడమటి పక్కన ఉండేది. ఏడాదిలో పది రోజులు పారితే ఎక్కువ. మిగతా రోజులంతా ఇసుక. ఆ ఇసుకని పొట్లంలో అమ్మరు, బెంగళూరులో దొరికేది క్వారీ డస్ట్. వచ్చే నెల ఊరికి పోతున్నాను. వంక ఇంకా అక్కడే ఉందట, ప్లాట్ల పటంలో దాన్ని పార్కు అని చూపించారట. నాయన కూడా వస్తానన్నాడు, వాచ్‌మన్ అడిగితే తాను చెప్తానన్నాడు.